కాటిసీను, చెంపదెబ్బ, ఊడిపోయే మీసం: నటుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పరిషత్తుల నాటక పోటీలకూ, ఊరి జాతరలకూ నాటకాలు సిద్ధం చేసుకుంటున్నవారివే. జాగా ఉన్నంతవరకు జవాబులిస్తున్నాం.

ప్రశ్న: హరిశ్చంద్రలో కాటిసీను మొదటిసారి వేస్తున్నాను. రిహార్సల్లో నిజంగానే కన్నీళ్లొస్తున్నాయి. కానీ గొంతు పూడుకుపోయి పద్యం మధ్యలోనే ఆగిపోతోంది. ఏం చెయ్యాలి? (ఒక పాఠకుడు, మండపేట)

జవాబు: ఇది చాలామంది హరిశ్చంద్రులకు వచ్చే చిక్కే. ఏడుపొస్తే గొంతు కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది. పద్యానికేమో తెరుచుకున్న గొంతు, పొట్టలోంచి వచ్చే నిండు ఊపిరి కావాలి. రెండూ ఒకేసారి కుదరవు. అందుకని ఆ సీనులో హరిశ్చంద్రుడు చేస్తున్న పనేమిటో చూడండి. కాపలా కాస్తున్నాడు, కాటికి యజమాని వీరబాహుడికి రావలసిన కాటిసుంకం అడుగుతున్నాడు. చంద్రమతిని గుర్తుపట్టకముందూ అడుగుతాడు, చనిపోయింది తన కొడుకు లోహితాస్యుడేనని తెలిశాకా అడుగుతాడు. రెండోసారి నోరు రాదు, అయినా అడగాలి. మీరు పట్టుకోవలసింది ఆ అడగడాన్నే. ఏడుపు ముందు వరసల్లో కూర్చున్నవాళ్లకు వదిలెయ్యండి.

ఇక సాధన. మొదటివారం రాగం జోలికి పోవద్దు. పద్యాన్ని పదాలుగా విడగొట్టి, అన్వయం చెప్పుకుని, వచనంలా ఎదుటి మనిషితో మాట్లాడండి. ఏ మాట ఎవరికి చెబుతున్నారో తేలాక పెన్సిలుతో ఊపిరి గుర్తులు పెట్టుకోండి. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండో అక్షరం యతిస్థానం కదా అని అక్కడ ఊపిరి తీసేవాళ్లున్నారు. తెలుగు యతి అక్షరమైత్రే, అక్కడ మాట విరగాలన్న నియమం లేదు. అక్కడ ఆగితే సమాసం నడుం విరుగుతుంది. అర్థం ఎక్కడ ఆగితే అక్కడే ఆగండి. రెండోవారం రాగం ఎత్తుకోండి, అదీ తగ్గించిన శ్రుతిలో. నాలుగు శ్రుతిలో పాడబోయేవారు రెండున్నర శ్రుతిలో మొదలుపెట్టి, ప్రదర్శనకు నాలుగైదు రోజుల ముందు అసలు శ్రుతికి రావాలి. మొదటిరోజు నుంచీ పై శ్రుతిలో అరిస్తే నాటకం నాటికి గొంతు బొంగురు పోతుంది.

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి పద్యాలతో పాటు జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కూడా కలిపి పాడటం మనవైపు ఆనవాయితీ. వాటి ధోరణి వేరు. జాషువా పద్యాల్లో చుట్టూ ఉన్న సమాధులను చూస్తూ ఆలోచించే మనిషి కనబడాలి. చూపు నెమ్మదిగా కదలాలి, గొంతు పెద్దగా లేవనక్కర్లేదు. చంద్రమతి వచ్చాక ఆ తీరిక ఉండదు. రెండింటినీ ఒకే ఊపులో లాగితే చివరికి వచ్చేసరికి మీ దగ్గర మిగిలేదేమీ ఉండదు.

వన్స్‌మోర్ (ప్రేక్షకులు పద్యం మళ్లీ పాడమని అడగడం) సంగతి హార్మోనిస్టుతో ముందే మాట్లాడుకోండి. శ్మశాన వర్ణన దగ్గర ఇస్తే ఇవ్వండి. చంద్రమతి వచ్చిన తర్వాత మాత్రం ఇవ్వకూడదనే మా అభిప్రాయం. ఈలలు ఆగేదాకా ఉన్న భంగిమలోనే కదలకుండా ఉండండి, హార్మోనియం శ్రుతి పట్టి ఉంచుతుంది, సద్దు తగ్గగానే తర్వాతి మాట అందుకోవచ్చు. చప్పట్లకు దణ్ణం పెట్టారా, ఇక కాపలాదారు లేడు.

ప్రశ్న: నాకు ఇరవై ఒకటి. పరిషత్తు నాటికలో డెబ్బై ఏళ్ల నాయనమ్మ వేషం ఇచ్చారు. నడుం వంచి, చేతులు వణికిస్తుంటే అందరూ నవ్వుతున్నారు. (కళాశాల విద్యార్థిని, అమలాపురం)

జవాబు: వణికించడం మానెయ్యమ్మా. చెయ్యి వణికే ముసలివాళ్లు దాన్ని దాచుకోవాలని చూస్తారు: గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు, కొంగు గుప్పిట్లో బిగిస్తారు. ఆ దాచుకోవడం చెయ్యి.

నులకమంచం మీంచి లేవడం చూడు. నువ్వు ఒక్క ఊపులో లేస్తావు. ఆవిడ ముందు మంచం అంచుకు జరుగుతుంది. పాదాలు రెండూ మోకాళ్లకంటే కాస్త వెనక్కి లాక్కుంటుంది. ఒక చెయ్యి పట్టె మీద, రెండోది తొడ మీద. తలా ఛాతీ మోకాళ్లు దాటి ముందుకు వంగాకే ఒళ్లు లేస్తుంది. నిలబడగానే అడుగెయ్యదు, కుదురుకునేదాకా క్షణం ఆగుతుంది. లేస్తూ మాట్లాడితే ఊపిరి చాలదు కాబట్టి డైలాగు కూడా ఆ ఆగినప్పుడే చెప్పు. ఈ ఒక్కటీ రోజుకు ఇరవైసార్లు చేస్తే నడక దానంతటదే వస్తుంది. నడుం కంటే ముందు మోకాళ్లను పట్టించుకో. కొద్దిగా మడిచే ఉంచు, అడుగు చిన్నది వెయ్యి, తిరగాలంటే మెడ ఒక్కటీ కాకుండా భుజాలతో సహా తిరుగు.

గొంతు కీచుగా చెయ్యొద్దు, రెండు రిహార్సళ్లకే పోతుంది. వాక్యం చివర ఊపిరి తగ్గించి నెమ్మదిస్తే చాలు. పైన వేలాడే మైకులు గుసగుసల్ని అందుకోవు, ఆ తగ్గించడం కూడా మైకు దగ్గరే జరగాలి. జుట్టుకు పౌడరు జల్లకు, లైట్ల కింద పిండిమిల్లులోంచి వచ్చినట్టుంటుంది. సఫేదాను కొద్ది నూనెలో కలిపి, కణతల దగ్గర బ్రష్‌తో పాయలు పాయలుగా రాయి.

ప్రశ్న: భార్యను కొట్టే తాగుబోతు పాత్ర. వాడంటే నాకే అసహ్యం. పైగా చెంపదెబ్బ నిజంగా కొట్టాలంటున్నాడు డైరెక్టరు. (ఒక నటుడు, పాలకొల్లు)

జవాబు: నిజంగా కొట్టకూడదు, ఎవరు చెప్పినా సరే. చెవి మీద పడితే కర్ణభేరి పగలొచ్చు. దెబ్బ తిన్న నటి ఆ తర్వాతి సీనంతా భయంతో చేస్తుంది, అది నటన కిందికి రాదు.

పద్ధతి ఇది. కొట్టేవాడు ప్రేక్షకులకు వీపు పెట్టాలి, ఆమె అతనికి ఎదురుగా చెయ్యి చాచినంత దూరంలో నిలబడాలి. ముందు కళ్లు కలవాలి, అదే సంకేతం. మీ చెయ్యి ఆమె ముఖానికి జానెడు ఇవతలగా పోవాలి. చప్పుడు ఆమే చేస్తుంది, మీ వీపు చాటున ఛాతీ దగ్గర రెండు చేతులూ చరిచి. తల తిరగడం, చెయ్యి చెంపకు వెళ్లడం ఆ చప్పుడు తర్వాతే. తల ముందే తిరిగితే ఉత్తుత్తి దెబ్బని వెనకవరసకు కూడా తెలిసిపోతుంది. వారం రోజులు పావువంతు వేగంతో చేసి, తర్వాత పెంచండి. స్టేజీ మీద ఆవేశంలో కొత్త దెబ్బ కలపొద్దు.

అసహ్యం గురించి: వాడిని మీరు వెనకేసుకు రానక్కర్లేదు. ప్రతి సీనులో వాడికి ఏం కావాలో ఒక్క క్రియతో రాసుకోండి. డబ్బు లాక్కోవాలి, తలుపు తీయించాలి, తప్పు ఆమెదే అనిపించాలి. 'క్రూరంగా ఉండాలి' అని రాసుకుంటే చేయడానికి ఏమీ దొరకదు, కళ్లెర్రజేయడం తప్ప. తాగుబోతు కూడా తూలాలని తూలడు, తిన్నగా నడవాలని చూస్తాడు. తెరపడ్డాక మేకప్ తీసేలోపే ఆమెతో మామూలు మాటలు రెండు మాట్లాడండి.

ప్రశ్న: ఏడుపు సీనుకు చనిపోయిన మా నాన్నగారిని తలుచుకోవచ్చా? (రావులపాలెం)

జవాబు: పచ్చి గాయమైతే వద్దు. అదుపు తప్పితే మీతోపాటు ఎదుటి నటుడు కూడా ఇరుక్కుంటాడు. పాత జ్ఞాపకమైనా రెండు మూడు ప్రదర్శనలకే అరిగిపోతుంది. జ్ఞాపకాన్ని వాడమని మొదట చెప్పిన రష్యన్ నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ కూడా చివరి సంవత్సరాల్లో శారీరక క్రియల వైపే మొగ్గాడు. చనిపోయినవారి చొక్కా మడతపెట్టే పని పెట్టుకోండి, గుండీలన్నీ వరసగా పెట్టండి. ఆ పని సరిగ్గా చేయాలని చూస్తే మిగతాది వస్తుంది. రాని రోజున కూడా సీను నిలబడుతుంది.

ప్రశ్న: ఉక్కపోతకు సీను మధ్యలో మీసం ఊడిపోతోంది. భయంతో పాత్ర మీద ధ్యాసే ఉండటం లేదు. (నరసాపురం)

జవాబు: పైపెదవి మీద నూనె గానీ, మేకప్ బేసు గానీ ఉంటే జిగురు పట్టదు. శుభ్రంగా గీయించుకుని, స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. మీసాన్ని రెండు ముక్కలు చేసి, ముక్కు కింద సన్నటి సందు వదలండి. ఒకే ముక్కైతే పెదవి కదిలినప్పుడల్లా లాగి ఊడుతుంది. స్పిరిట్‌గమ్ పలచగా రాసి, వేలితో తడితే తీగ సాగే దశ వచ్చాక అంటించి, తడిగుడ్డతో అర నిమిషం అదమండి. తీసేటప్పుడు పీకకుండా స్పిరిట్‌తో నానబెట్టి, తర్వాత కొబ్బరినూనె రాసుకోండి. గ్రీన్‌రూములో హారతి ఇచ్చేవేళకు ఆ స్పిరిట్ సీసాకు మూత బిగించి, బయట పెట్టించండి.