ల్యాబ్‌లో జీతం ఎవరిస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోకెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. నీట్ రెండుసార్లు రాసినా సీటు రాలేదు. ఇప్పుడు వైద్య పరిశోధన చేస్తానంటోంది. హైదరాబాద్‌లో ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) లాంటి సంస్థలో చేరితే జీతం ఎవరిస్తారు? ఉద్యోగం పర్మనెంటేనా? బంధువులేమో అమెరికాలో ఎంఎస్ బయోటెక్నాలజీకి పంపమంటున్నారు. సంబంధాలవాళ్లు అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు. రెండూ పోల్చి ఏది మేలో చెప్పండి.
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీరు అడిగింది జీతం గురించే. కానీ డాక్టర్ సీటు రాని పిల్ల రేపు ఏమైపోతుందోనన్న టెన్షన్ ఉత్తరం నిండా ఉంది. నీట్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. ముందు కాస్త స్థిమితపడండి. శ్రద్ధగా చదివే పిల్ల ఈ దారిలో రోడ్డున పడదు. కాకపోతే స్థిరపడటానికి ఎక్కువ కాలం పడుతుంది. ఎందుకో అర్థం కావాలంటే ఆ సంస్థలకు డబ్బు ఎలా వస్తుందో తెలియాలి.

ఎన్ఐఎన్ సంగతే చూడండి. 1918లో కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో, విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు సంగతి తేల్చడానికి రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన పని అది. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఇప్పుడు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సంస్థల్లో ఒకటి. ఐసీఎంఆర్‌కు డబ్బు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖలోని ఆరోగ్య పరిశోధన విభాగం నుంచి వస్తుంది. 2024-25 బడ్జెట్‌లో ఆ విభాగానికి దక్కింది సుమారు 3,000 కోట్లు. ఆస్పత్రులు, టీకాలు, ఆరోగ్య పథకాలు చూసే విభాగానికి అదే ఏడాది 87,000 కోట్లు దాటింది. పరిశోధనకు మనం ఇచ్చే విలువ ఇంతేనా అని నాకు బాధగానే ఉంటుంది. జీవకణాల మీద పరిశోధన చేసే హబ్సిగూడలోని సీసీఎంబీకి సీఎస్ఐఆర్ (శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి), డీఎన్‌ఏ మీద పని చేసే ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీకి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం డబ్బు ఇస్తాయి. అన్నీ వేర్వేరు ఖాతాలు.

సంస్థకు వచ్చే సొంత బడ్జెట్‌లోంచి పర్మనెంట్ శాస్త్రవేత్తల జీతాలు, భవనాలు, కరెంటు బిల్లులు నడుస్తాయి. ఆ పోస్టులు తక్కువ. పీహెచ్‌డీ, ఆ తర్వాత కొన్నేళ్ల అనుభవం ఉన్నవాళ్లే వాటికి పోటీ పడతారు. పరిశోధనలో ఎక్కువ భాగం నడిచేది ప్రాజెక్టుల మీద. ఒక శాస్త్రవేత్త ప్రతిపాదన రాసి పంపితే నిపుణులు చూస్తారు, నచ్చితే మూడేళ్లకో నాలుగేళ్లకో మంజూరు చేస్తారు. మనుషులకింత, రసాయనాలకింత, పరికరాలకింత అని పద్దులు ముందే రాసి ఉంటాయి. డబ్బు ఏడాదికో విడత వస్తుంది. మార్చి అయ్యాక, డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం పంపితేనే తర్వాతి విడత. ఆ కాగితం ఎక్కడో ఆగితే ల్యాబ్‌లో పిల్లలకు స్టైపెండ్ నెలల తరబడి రాదు. నా దగ్గరికి వచ్చే పరిశోధక విద్యార్థులు ఎక్కువగా బాధపడేది దీని గురించే.

ఐసీఎంఆర్ ప్రాజెక్టు నోటిఫికేషన్ ఒకటి తెరిచి చూడండి. 'ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్-3, నెలకు 28,000, హెచ్ఆర్ఏ అదనం' అని ఉంటుంది. కింద, ఎవరూ చదవని చోట, ఇది పూర్తిగా తాత్కాలికమనీ ప్రాజెక్టుతో పాటే ముగుస్తుందనీ రాసి ఉంటుంది. తల్లిదండ్రులు పైన ఉన్న సంస్థ పేరు చూసి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చిందని ఊరంతా చెప్పేస్తారు. తర్వాత నెపం పిల్లల మీద పడుతుంది.

జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ ఇచ్చే నెట్ పరీక్ష గురించి అమ్మాయికి మీకంటే బాగా తెలిసే ఉంటుంది, దాన్ని వదిలేస్తున్నాను. ఒక్క తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. పరీక్ష రాసి తెచ్చుకున్న జేఆర్‌ఎఫ్ ఆమె సొంతం. నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటద్దె వేరు. ప్రాజెక్టులో జేఆర్‌ఎఫ్ అంటే ఆ డబ్బు ప్రాజెక్టుది, అది ఆగితే ఇదీ ఆగుతుంది. పేరు ఒకటే అయినా రెంటికీ చాలా తేడా ఉంది.

కంపెనీల నుంచి కూడా కొంత వస్తుంది. భారత్ బయోటెక్ కంపెనీ కోవిడ్ టీకా కోవాగ్జిన్ మూడో దశ ప్రయోగాలకు ఐసీఎంఆర్ 35 కోట్లు ఖర్చు పెట్టిందనీ, అమ్మకాల మీద 5 శాతం రాయల్టీ దానికి వస్తుందనీ 2021లో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఇలాంటివి అరుదు. వీటిని నమ్ముకుని ఏ ల్యాబూ నడవదు.

ఇక అమెరికా ఎంఎస్. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి. అక్కడ బయోమెడికల్ పీహెచ్‌డీకి మామూలుగా ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. ఎంఎస్‌కు మాత్రం దాదాపు అందరూ సొంత డబ్బే కట్టుకోవాలి. బ్యాంకు లోను, పొలం కాగితాలు, అన్నీ దాని కోసమే. పోనీ పీహెచ్‌డీ అయినా, అక్కడి ల్యాబులు ఎక్కువగా ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) గ్రాంట్ల మీదే నడుస్తాయి. ఎన్ఐహెచ్ శిక్షణ గ్రాంట్లు అమెరికా పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. మన పిల్లలకు ప్రొఫెసర్ గ్రాంటే ఆధారం. 2025 ఫిబ్రవరిలో ఎన్ఐహెచ్, గ్రాంటుతో పాటు యూనివర్సిటీ నిర్వహణకు ఇచ్చే ఖర్చును 15 శాతానికి కుదిస్తానని ప్రకటించింది. కోర్టు అడ్డుకుంది కానీ, అప్పటికే కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించేశాయి. ఇదంతా బంధువులు మీకు చెప్పారా? వాళ్లబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో బాగున్నాడని మీ అమ్మాయిని బయోటెక్‌కు పంపమనడం ఏం సలహా?

కోపం తెచ్చుకోకండి, ఒకటి అడుగుతాను. ఇంత ఉత్తరంలో అమ్మాయికి ఏ జబ్బు మీద, ఏ అంశం మీద పని చేయాలనుందో ఒక్క ముక్క రాయలేదేం? సంబంధాలవాళ్లు ఏమంటారో మాత్రం రాశారు. రెండుసార్లు నీట్ పోగొట్టుకుని కూడా ఆ పిల్ల వైద్యం వదలనంటోంది. అది మీరు గర్వపడాల్సిన విషయం. అడిగినవాళ్లకు 'మా అమ్మాయి పరిశోధనలో ఉంది, స్థిరపడటానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది' అని తలెత్తుకుని చెప్పండి.

ఏది మేలని ఇప్పుడే తేల్చాల్సిన పని కూడా లేదు. ముందు ఉస్మానియాలోనో, హెచ్‌సీయూలోనో ఎంఎస్సీ చేయనివ్వండి. పోషకాహారం మీద ఆసక్తి ఉంటే ఎన్ఐఎన్‌లోనే అప్లైడ్ న్యూట్రిషన్ ఎంఎస్సీ ఉంది. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో రెండు నెలలు సైన్స్ అకాడమీల ఫెలోషిప్ మీద ఏదైనా ల్యాబ్‌లో పని చేసి చూడొచ్చు, స్టైపెండ్ కూడా ఇస్తారు. అక్కడి సీనియర్లను గ్రాంట్ ఎవరిది, ఎప్పటిదాకా ఉంది, పోయిన నెల స్టైపెండ్ వచ్చిందా అని అడగమనండి. ఆ దరఖాస్తు మీరు నింపకండి, ఆమెనే నింపుకోనివ్వండి.