దాచిన చెనక్కాయలు

అనంతపురం

నాయనా,

నీ కథ, దాని స్పానిష్ అనువాదం రెండూ అందాయి. మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. వానల్లేని ఏడు మీ నాయన నాలుగు మూటల చెనక్కాయలు విత్తనానికని మిద్దింట్లో గోడవారగా దాచిపెడతాడు. పిల్లలు ఏడ్చినా ఒక్క కాయ ముట్టనివ్వడు. అక్కడ నా గొంతు పట్టేసింది. తీరా స్పానిష్‌లో చూస్తే 'సల్వో' అని ఉంది! బావిలో పడ్డ పిల్లను పైకి లాగినట్టు మీ నాయన చెనక్కాయలను రక్షించాడన్నమాట.

ఇదెట్లా జరిగిందో నాకు తెలుసు. 'దాచాడు' అనే మాటను ఇంగ్లీషులో 'సేవ్' చేశావు. డిక్షనరీలో దాని కింద మొదట కనబడింది ఎత్తుకున్నావు. ప్రాణం కాపాడితే సల్వార్, డబ్బు పొదుపు చేస్తే అఒర్రార్, వస్తువు దాచిపెడితే గ్వర్దార్. తెలుగులోనూ ఇవి వేరువేరు మాటలే కదా? మరి మధ్యలో ఇంగ్లీషు పెత్తనం దేనికి? 'టైమ్' సంగతీ ఇంతే. కాలమైతే తియెంపో, ఎన్ని గంటలని అడిగితే ఓరా, ఒకసారి రెండుసార్లు అన్నప్పుడు బెస్. ముందు తెలుగులో ఏమనుకున్నావో అది చూసుకో. ఈ మాట మీద నాతో పోట్లాడిన వాళ్లు చాలామందే ఉన్నారు, నేను మాత్రం తగ్గను.

అన్నిచోట్లా తెలుగు ఆదుకోదులే. మీ అమ్మ షావుకారిని అప్పు అడిగినచోట 'ప్రెగుంతో' అన్నావు. అది ప్రశ్న వేయడం. ఫలానాది కావాలని అడిగితే 'పిదియో'. మనకు రెండూ అడగడమే కాబట్టి ఇక్కడ చెవిని నమ్మకూడదు. చేప కూడా నీళ్లలో ఈదుతుంటే పెస్, పట్టి కూరకు తెస్తే పెస్కాదో. అందుకే దొరికిన మాటను డిక్షనరీలో స్పానిష్ వైపు నుంచి మళ్లీ వెతికి, అక్కడి ఉదాహరణలు చదువు. ఫోన్లో యాప్ ఉందంటారు ఇప్పటి పిల్లలు. ఒంటరి మాట ఒకటి దాని ముందు పడేస్తే, గోడవార మూటలున్నాయని దానికేం తెలుస్తుంది?

పేదలకు సేవ చేసిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికి వచ్చాక మన ఊరికి స్పెయిన్ వాళ్ల రాకపోకలు మొదలయ్యాయి. నేను నేర్చుకునే రోజుల్లో పుస్తకాలు కొనే స్తోమత లేదు. అలా వచ్చినవాళ్లను టీ అంగడి దగ్గర పట్టుకుని, వస్తువులు చూపించి పేర్లు అడిగేవాణ్ణి. చెనక్కాయను కకవేతే అన్నారు. దక్షిణ అమెరికాలో చాలాచోట్ల దాన్నే మనీ అంటారని తర్వాత తెలిసింది. చదివేది ఎవరో తేల్చుకుని గానీ ఆ మాట రాయకూడదు. అట్లా ఏరుకుని పెట్టుకున్న మాటను ఒక సంపాదకుడు కొట్టేసి, 'బాదం' అని వేశాడు. వినడానికి సొంపుగా ఉందట! కళ్యాణదుర్గం చేలల్లో బాదం పండించిన ఘనత నాకు దక్కింది. ఆ మహానుభావుడికి మళ్లీ ఏమీ పంపలేదు.

పుస్తకం ఎవరు వేస్తారు, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవన్నీ తర్వాత. ముందు మూడో పేజీలో 'గ్వర్దో' అని దిద్ది పంపు. తెలుగు ప్రతి కూడా జత చెయ్యి. ఇంగ్లీషుది నాకక్కర్లేదు.