ఒక్కరే ఉండటం జబ్బు కాదు

ప్రశ్న: నా వయసు 67 ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక ఒక్కదాన్నే ఉంటున్నాను. పొద్దున నడక, మొక్కల పని, మధ్యాహ్నం పుస్తకాలు, రాత్రి తొమ్మిదిన్నరకల్లా నిద్ర. బీపీకి ఒక మాత్ర వేసుకుంటాను. నాకు హాయిగానే ఉంది గానీ, ఇలా ఉంటే డిప్రెషన్, మతిమరుపు వస్తాయని బంధువులు భయపెడుతున్నారు. నిజమేనా?

జవాబు: ఒక్కరే జీవించటం వేరు, ఒంటరితనంతో బాధపడటం వేరు. మొదటిది జీవన విధానం. రెండోది కావలసిన తోడు దొరకలేదన్న వెలితి, అది ఇంటినిండా మనుషులున్నవారికీ కలగవచ్చు. డిప్రెషన్, మతిమరుపు, గుండెజబ్బుల ముప్పు ఎక్కువగా కనిపించేది ఈ వెలితి ఏళ్ల తరబడి వేధిస్తున్నవారిలోనూ, ఎవరితోనూ రాకపోకలు, మాటామంతీ లేకుండా గడిపేవారిలోనూ. మీరు రాసిన దినచర్యలో నాకు జబ్బేమీ కనిపించలేదు. మనసు విప్పి మాట్లాడుకునే మనిషి ఒక్కరైనా ఉంటే, బంధువుల మాటకు బెంగపడి ఈ జీవితాన్ని మార్చుకోనక్కర్లేదు.

అయితే మీ ఇంట్లో లేనిది ఒకటుంది: మిమ్మల్ని గమనించే మరో మనిషి. టీవీ శబ్దం రోజురోజుకూ పెంచుతున్నారనీ, చెప్పిన సంగతే మళ్లీ చెబుతున్నారనీ, చిక్కిపోయారనీ పక్కనున్నవారికి ముందు తెలుస్తుంది. అందుకే ప్రతి నెలా ఒకటో తేదీన బరువు చూసుకుని క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. 60 కిలోల మనిషి ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మూడు కిలోలు తగ్గితే, కారణమేమిటో డాక్టరు తేల్చాల్సిందే.

నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది పడిపోవటం. స్నానాలగదిలో జారిపడి, ఫోను మంచం పక్కనే ఉండిపోయి, గంటకు మించి లేవలేకపోతే, ఎముక విరగకపోయినా ఒంట్లో నీరు తగ్గిపోవటం, నలిగిన కండరాల వల్ల మూత్రపిండాలు దెబ్బతినటం వంటి ప్రమాదాలున్నాయి. బీపీ మాత్ర వేసుకునేవారికి లేవగానే కళ్లు తిరగవచ్చు కనుక, మంచం అంచున ఒక నిమిషం కూర్చుని ఆ తర్వాతే నిలబడండి. రాత్రి దారిలో చిన్న దీపం వెలగనివ్వండి. భయపెడుతున్న ఆ బంధువుల్లో దగ్గరలో ఉండే ఒకరికి ఇంటి తాళంచెవి ఒకటి ఇచ్చి, రోజూ ఉదయం ఎనిమిదికల్లా మీ నుంచి మెసేజ్ రాకపోతే ఫోను చేయమనీ, ఎత్తకపోతే వచ్చి చూడమనీ చెప్పండి. వారి ప్రేమకు ఇంతకన్నా మంచి పని లేదు.

నడక వారానికి 150 నిమిషాలకు తగ్గకుండా చూసుకోండి, కానీ అదొక్కటే చాలదు. కండరాల బలానికి వారంలో రెండు రోజులు, తూలకుండా నిలబడే పట్టుకు మూడు రోజులు వ్యాయామం అవసరం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవటంతో మొదలుపెట్టవచ్చు. ‘ఒక్కదానికే ఏం వండుకుంటాంలే’ అని పూట దాటేయటం మాత్రం వద్దు.

మొక్కలకు నీళ్లు పోయాలనిపించకపోవటం, పుస్తకం తెరవబుద్ధి కాకపోవటం, తెల్లవారుజామునే మెలకువ వచ్చి దిగులుగా ఉండటం రెండు వారాలు దాటితే, వయసు మీద నెపం వేయకుండా వెంటనే డాక్టరును కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, ఆ రోజే. ఈసారి పరీక్షకు వెళ్లినప్పుడు బీపీని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడమని అడగండి; వినికిడి కూడా పరీక్ష చేయించుకోండి.