ఇల్లు అమ్మేటప్పుడు ఏవి ఉంచాలి, ఏవి తీసుకెళ్ళాలి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

ఇల్లు అమ్మకానికి పెట్టారనీ, బేరసారాలన్నీ నువ్వే చూసుకుంటున్నావనీ మీ నాన్న చెప్పగా విని పొంగిపోయాను. సామాన్ల సంగతేమిటని అడిగితే మాత్రం, "కొనేవాళ్ళు ఖాయమయ్యాక తేల్చుకుంటుందిలే" అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నా మనసు కుదురుగా లేదు. అది తరువాత తేల్చుకునే పని కాదమ్మా, మొదటి మనిషి ఇల్లు చూడటానికి గడప తొక్కేలోపే తేలిపోవాలి.

మంచాలు, కుర్చీలు, బల్లలు నీవి, తీసుకుపో. తలుపులు, కిటికీలు, కుళాయిలు, వంటగట్టు ఇంటివి. వాటి జోలికి వెళ్ళకు. తగాదా అంతా ఈ రెంటి నడుమ ఉన్న వాటితోనే వస్తుంది: గోడకు బిగించిన అద్దం, పైకప్పుకు వేలాడే దీపం, ఏసీ, కర్టెన్ల రాడ్లు, టీవీ తగిలించిన స్టాండు. 1872లో ఇంగ్లండులో హాలండ్ వర్సెస్ హాడ్జ్‌సన్ అనే వ్యాజ్యంలో, మిల్లు నేలకు మేకులతో బిగించిన మగ్గాలు ఆస్తిలో భాగమా, విడి సామానా అన్న ప్రశ్న వచ్చింది. భాగమేనని తీర్పు వచ్చింది. ఆ వస్తువును ఎంత గట్టిగా బిగించారు, ఏ ఉద్దేశంతో బిగించారు అన్న రెండూ చూడాలని అందులో న్యాయమూర్తి బ్లాక్‌బర్న్ చెప్పారు. సున్నం లేకుండా రాళ్ళు పేర్చి కట్టిన గోడ నేలలో భాగమేననీ, అవే రాళ్ళు మేస్త్రీ దొడ్డిలో గోడలా పేర్చి ఉన్నా అవి సామానేననీ ఆయన ఇచ్చిన ఉదాహరణను నా వకీలు వృత్తిలో ఎంతోమందికి చెప్పాను. ఒక్కో చోట చట్టం ఒక్కోలా ఉండవచ్చు, కానీ ప్రతి వస్తువు ముందూ నిలబడి ఆ రెండు ప్రశ్నలూ వేసుకో.

మీ నాన్న పుస్తకాల అల్మరా కథ నీకు తెలియదు, అప్పటికి నువ్వు చాలా చిన్నదానివి. హాలు గోడలో ఉన్న గూడు కొలతకు సరిగ్గా, నేల నుంచి పైకప్పు దాకా, మంచి వడ్రంగి చేత చేయించాడు. ఆ ఇల్లు అమ్మేటప్పుడు కాగితాల్లో దాని మాటే లేదు. కొనే ఆయన భార్య వచ్చినప్పుడల్లా ఆ అరలను చేత్తో తడిమి, తమ పిల్లల పుస్తకాలన్నీ ఇందులో పడతాయని మురిసిపోయేది. మీ నాన్న మొహమాటపడి నవ్వి ఊరుకునేవాడు. తను చేయించుకున్నది తనదేనని అతని నమ్మకం. తాళాలు ఇవ్వబోయే ముందురోజు దాన్ని ఊడదీయించాడు. గచ్చు పెచ్చులు పెచ్చులుగా రాలింది. బిగింపులున్న చోట పిడికిలి పట్టేంత గుంతలు పడ్డాయి. హాలంతా కొత్త రంగులో ఉంటే, అల్మరా వెనక మాత్రం ఎన్నడో వేసిన పాత రంగు బయటపడింది. మర్నాడు వాళ్ళు వచ్చి, ఇవ్వవలసిన సొమ్ములో కొంత ఆపేశారు. వాళ్ళ దగ్గరా రుజువు లేదు, మన దగ్గరా లేదు. చివరికి మీ నాన్న వదులుకున్న సొమ్ముతో అలాంటి అల్మరాలు రెండు చేయించవచ్చు. పోనీ, అదైనా దక్కిందా? కొత్త ఇంటి పైకప్పు తక్కువ ఎత్తు కావడంతో పైభాగం కోయించాల్సి వచ్చింది. గోడలోకి ఒదిగే వస్తువు కాబట్టి పక్కలకు, వెనక్కి పాలిష్ లేదు. వసారాలో పెట్టి ఉంచితే వానకు తడిసి ఉబ్బిపోయింది. కొన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, మీ నాన్నా కాడు. ఒక్క మాట ముందు చెప్పకపోవడం వల్ల ఇదంతా జరిగింది. నీకూ మీ నాన్న మొహమాటమే వచ్చింది, అందుకే నా భయం.

కాబట్టి నువ్వు తీసుకెళ్ళదలచినవి ఇప్పుడే దింపేసి, గోడ పూడ్పించి రంగు వేయించు. నానమ్మ ఇచ్చిన దీపం ఎలాగూ వదలవు, దాని స్థానంలో మామూలు దీపం పెట్టించు. కానీ నువ్వు స్టూలు ఎక్కి విప్పుతావని నాకు తెలుసు. వద్దు తల్లీ, మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్ చేతనే తీయించు. తీగలు బోడిగా వేలాడనివ్వకు. ఏసీ తీసుకెళ్ళేట్టయితే, గొట్టాలు విప్పకముందే గ్యాసును బయటి యూనిట్‌లోకి లాగించమని మెకానిక్‌కు చెప్పు. పాతదైతే ఉంచేయడమే మేలు. కిటికీ కొలతకు కోయించిన బ్లైండ్లు ఇంకోచోట సరిపోవడం అరుదు, వదిలెయ్యి.

వదలడమంటే పనికిరానిది వాళ్ళ నెత్తిన పడేయడం కాదు. కుంగిన సోఫా, పాత పరుపు ఉంచి వెళితే పారేయించే ఖర్చు వాళ్ళ మీద పడుతుంది. మిగిలిన టైల్సు, గోడ రంగు నంబరు, రిమోట్లు, తాళంచెవులన్నీ మాత్రం తప్పక ఇవ్వు. అదే టైలు, అదే ఛాయలో మళ్ళీ దొరకడం కష్టం.

గదివారీగా, ఉండేవేవో తీసుకెళ్ళేవేవో జాబితా రాసి, ఫొటోలు తీసి, ఒప్పందానికి జతచేసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. "ఫర్నిచర్‌తో సహా" అన్న ముక్క ఎక్కడా రాయనివ్వకు, దానికి ఎవరి అర్థం వారికి ఉంటుంది. సోఫాసెట్టు అడిగితే దాని ధర విడిగా రాయించు. వదిలే బీరువాల సొరుగులు పూర్తిగా బయటికి లాగి వెనకా అడుగునా చెయ్యిపెట్టి చూడు. కాగితాలు జారిపడేది అక్కడికే.

జాబితా రాయగానే నాకో ప్రతి పంపు. సంతకాలు కాకముందే చదివి, అనుమానమున్న చోట గీత గీసి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న