ఐడీఎస్‌ఏ అంటే ఆర్మీ ట్రైనింగ్ కాలేజీ కాదు

"సివిల్స్‌కి చదువుతున్నాను. ఎన్‌డీఏ, ఎన్‌డీసీ, ఐడీఎస్‌ఏ మూడూ ఆర్మీ ఆఫీసర్ల ట్రైనింగ్ సంస్థలేనా? ఐడీఎస్‌ఏ ఎలా పుట్టింది?" అని అడిగారు.

కాదండీ. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) అంటే ఇంటర్ అయిన పిల్లల్ని త్రివిధ దళాలకు తయారుచేసే ఖడక్‌వాస్లా అకాడమీ. ఎన్‌డీసీ (నేషనల్ డిఫెన్స్ కాలేజీ) 1960లో ఢిల్లీలో మొదలైంది, పైస్థాయి సైనికాధికారులు, సివిల్ అధికారులు అక్కడ చదువుకుంటారు. ఐడీఎస్‌ఏ అంటే ఇన్‌స్టిట్యూట్ ఫర్ డిఫెన్స్ స్టడీస్ అండ్ అనాలిసెస్, అక్కడ ప్రధానంగా జరిగేది రక్షణ విషయాల మీద పరిశోధన.

ఇదే తప్పు నేనూ రాశాను. కర్నూలులో కోచింగ్ తీసుకున్న రోజుల్లో ఇచ్చిన నోట్సులో "సైనికాధికారుల శిక్షణ సంస్థ" అని ఉంటే, అదే బట్టీ పట్టి పరీక్షలో పెట్టి వచ్చాను. ఇంటికొచ్చి సరిచూసుకున్నాక చాలా బాధేసింది. తర్వాత ఎంఫిల్‌కి రక్షణ విధానాన్నే టాపిక్‌గా తీసుకుని, గైడ్ ఇచ్చిన లెటర్ పట్టుకుని, సంపర్క్ క్రాంతి ఎక్కి ఢిల్లీలోని ఐడీఎస్‌ఏకి వెళ్ళాను.

ఐడీఎస్‌ఏ పుట్టుక అర్థం కావాలంటే 1962 నుంచి మొదలుపెట్టాలి. చైనా యుద్ధంలో దెబ్బతిన్నాక కృష్ణ మీనన్ తప్పుకున్నారు, వై.బి. చవాన్ రక్షణ మంత్రి అయ్యారు. సైన్యాన్ని పెంచడం ఒక పని. పొరుగు దేశం ఏం ఆలోచిస్తోందో ప్రభుత్వ ఫైళ్ళ బయట కూర్చుని చదివేవాళ్ళు మన దగ్గర ఎంతమంది ఉన్నారన్నది ఇంకో ప్రశ్న. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం సెప్టెంబర్ 23న ఆగింది. సరిగ్గా ఏడు వారాలకు, నవంబర్ 11న, చవాన్ చొరవతో ఐడీఎస్‌ఏ ఒక సొసైటీగా ఏర్పడింది. డబ్బులు రక్షణ శాఖవి, సంస్థ మాత్రం స్వయంప్రతిపత్తి గలది. పరీక్షలో ఈ రెండు ముక్కలూ కలిపి రాయండి.

తొలి డైరెక్టర్ మేజర్ జనరల్ సోమ్ దత్. కానీ సంస్థకు ఒక గొంతు ఇచ్చింది మాత్రం 1968లో వచ్చిన కె. సుబ్రహ్మణ్యం. తిరుచిరాపల్లిలో పుట్టిన ఐఏఎస్ అధికారి, ఇప్పటి విదేశాంగ మంత్రి జైశంకర్‌కు తండ్రి. 1975 దాకా ఒకసారి, 1980 నుంచి 1987 దాకా మళ్ళీ ఆయనే డైరెక్టర్. 1971లో తూర్పు బెంగాల్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి శరణార్థులు లక్షల్లో వస్తుంటే, భారత్ జోక్యం చేసుకోవాల్సిందేనని దాపరికం లేకుండా వాదించారు. కార్గిల్ తర్వాత 1999లో వేసిన సమీక్ష కమిటీకీ ఆయనే అధ్యక్షులు. ఆయన రాకపోయి ఉంటే ఇది ఢిల్లీలో మరో ఆఫీసుగా మిగిలిపోయేదని నా నమ్మకం.

సంస్థ చాలా ఏళ్ళు సప్రూ హౌస్‌లో నడిచింది. నేను వెళ్ళేటప్పటికి కంటోన్మెంట్ దగ్గర రావు తులారామ్ మార్గ్‌లో సొంత భవనం. లైబ్రరీలో నన్ను కట్టిపడేసినవి "న్యూస్ రివ్యూ" పాత సంచికలు. చైనా ఒకటి, దక్షిణాసియా ఒకటి, ఇలా ప్రాంతాల వారీగా నెలనెలా పేపర్లలో వచ్చిన వార్తలన్నీ ఏరి కూర్చినవి. కాగితం పసుపు రంగుకు తిరిగి, అంచులు చేతికి పొడిగా రాలుతున్నాయి. రహస్య పత్రాలేవో ఉంటాయని ఊహించుకుని వెళ్ళాను. అక్కడున్నది ఎవరైనా కొనుక్కోగల వార్తాపత్రికల్ని ఓపికగా, తేదీ తప్పకుండా చదివిన పని. ఆ మధ్యాహ్నం టిఫిన్ కూడా మర్చిపోయాను.

2020లో సంస్థ పేరుకు మాజీ రక్షణ మంత్రి మనోహర్ పరికర్ పేరు చేర్చారు, ప్రిలిమ్స్‌కి గుర్తుపెట్టుకోండి.

2025 ఏప్రిల్‌లో మన కర్నూలు జిల్లాలోని డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ) పరీక్షా రేంజ్‌లో లేజర్ ఆయుధంతో డ్రోన్‌ను కూల్చిన వీడియో ఊళ్ళో ప్రతి ఫోన్‌లోనూ తిరిగింది. నాకూ గర్వంగానే ఉంది. అయితే డ్రోన్లు యుద్ధాన్ని ఎలా మారుస్తున్నాయి, అందుకు మనం దేని మీద ఖర్చు పెట్టాలి అన్న ప్రశ్నలు ఆ వీడియోలో దొరకవు. ఐడీఎస్‌ఏ లాంటి చోట రాసేది వాటి గురించే.

వాళ్ళ జర్నల్ ఆఫ్ డిఫెన్స్ స్టడీస్, ఇష్యూ బ్రీఫ్‌లు (ఒక్కో అంశం మీద రాసే చిన్న వ్యాసాలు) వెబ్‌సైట్‌లో ఉచితం. ఇంగ్లీష్ అని టెన్షన్ పడకండి. తెలుగు మీడియం నుంచి వచ్చిన నా స్టూడెంట్లతో వారానికొక బ్రీఫ్ చదివించి, సారాంశం అర పేజీ తెలుగులో రాయిస్తాను. రెండు నెలలకు వాళ్ళే తప్పులు పట్టడం మొదలుపెడతారు. మీరూ ఒకటి రాసి ఇక్కడే పెట్టండి, చదివి చెబుతాను.