కునుకు ఎంతసేపు తీసింది, మాస్టారూ?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది తెనాలి. హైస్కూల్లో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి తన పాత ల్యాప్‌టాప్ నాకిచ్చి వెళ్లాడు. దాని కీబోర్డులో నాలుగైదు మీటలు పనిచేయవు. అందుకని వైరున్న యూఎస్‌బీ కీబోర్డు, 22 అంగుళాల మానిటర్ కొనుక్కుని, ల్యాప్‌టాప్ మూత మూసేసి బల్ల కింది అరలో పెట్టాను. ఛార్జర్ ఎప్పుడూ పెట్టే ఉంటుంది. చిక్కేమిటంటే, అది నిద్రపోయాక ఒక్కోసారి మీట నొక్కగానే లేస్తుంది. ఒక్కోసారి అన్ని మీటలూ వాయించినా ఉలకదు, పలకదు. అప్పుడు ఈ మోకాళ్లతో కిందికి వంగి, దాన్ని బయటికి లాగి, మూత తీసి పవర్ బటన్ నొక్కాలి. పొద్దున టిఫిన్ చేసి వచ్చినప్పుడు బాగానే లేస్తుంది. మధ్యాహ్నం భోంచేసి, నడుం వాల్చి వచ్చేసరికే ఈ మొండితనం. బటన్ నొక్కాక కంపెనీ బొమ్మ వచ్చి పోయి, నేను రాస్తున్న పేజీ ఎక్కడిదక్కడే కనిపిస్తుంది. అదొక్కటే అదృష్టం. షాపులో కీబోర్డు మార్చమన్నారు. మార్చాను. రెండోదీ అంతే. మూడోది కొనమంటారా?
– ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, తెనాలి

జవాబు: వద్దు మాస్టారూ. కొన్న రెండూ మంచివే. ఒకటి అటక మీద పెట్టండి, ఎప్పుడైనా పనికొస్తుంది.

మీరు ఊరికే చెప్పుకుపోయిన రెండు ముక్కల్లోనే జవాబుంది. టిఫిన్‌కి వెళ్లొస్తే లేస్తుంది, భోజనం తర్వాత లేవదు. కీబోర్డు చెడిపోతే దానికి టిఫినేమిటో భోజనమేమిటో తెలియదు కదా! రెండోది, బటన్ నొక్కగానే వచ్చే కంపెనీ బొమ్మ. మామూలు నిద్రలోంచి లేచే ల్యాప్‌టాప్ ఆ బొమ్మ చూపించదు, నేరుగా మీ పేజీకో పాస్‌వర్డ్ గడికో వచ్చేస్తుంది. బొమ్మ కనిపించిందంటే అది నిద్రలో లేదు, పూర్తిగా ఆగిపోయి మళ్లీ మొదలైంది. అయినా మీ పేజీ పోలేదు. ఈ రెండూ కలిస్తే దాని పేరు హైబర్నేట్.

స్లీప్ అంటే పడక కుర్చీలో కునుకు. ప్రాసెసర్ ఆగుతుంది కానీ, మీ పేజీ ఉన్న ర్యామ్‌కి కొద్దిపాటి కరెంటు అందుతూనే ఉంటుంది. కీబోర్డుకీ అంతే. యూఎస్‌బీ 2.0 నిబంధనల ప్రకారం అలా ఆగి ఉన్న కీబోర్డు 2.5 మిల్లీఆంప్స్‌కి మించి తీసుకోకూడదు. అందుకే నమ్ లాక్ లైటు ఆరిపోతుంది. లైటు ఆరింది కాబట్టి కరెంటు పోయిందనుకునేవాళ్లు చాలామంది, షాపుల్లో కూర్చున్నవాళ్లతో సహా. అది చెవి మాత్రం తెరిచి పెట్టుకునే ఉంటుంది. మీట తగలగానే యూఎస్‌బీ తీగ మీద లెమ్మని సంకేతం పంపుతుంది.

హైబర్నేట్ అలా కాదు. అది సామాను సర్ది, ఇంటికి తాళం వేసి ఊరెళ్లిపోవడం. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులో రాసిపెట్టి మొత్తం ఆఫ్ అయిపోతుంది. ఖాళీ ఇంటి తలుపు ఎంతసేపు కొడితే మాత్రం ఎవరు పలుకుతారు? మీ కీబోర్డు చేస్తున్నది అదే. చాలా ల్యాప్‌టాపుల్లో కొంతసేపు స్లీప్‌లో ఉన్నాక తనంతట తానే హైబర్నేట్‌లోకి వెళ్లే ఏర్పాటు ఉంటుంది. నేను ఎక్కువగా చూసింది 180 నిమిషాలు. మీ భోజనం, మీ నడుం వాల్చడం కలిపి లెక్కేసుకోండి.

ఈ లెక్క నాకు ఊరికే రాలేదు. విజయవాడలో షాపు పెట్టిన కొత్తలో ఒక చిట్‌ఫండ్ ఆఫీసు గుమాస్తా గారికి ఇదే రోగానికి మూడు కీబోర్డులు అమ్మాను. ఆయన నాలుగోసారి వచ్చినప్పుడు మొహం చెల్లక, నేనే వాళ్ల ఆఫీసుకెళ్లి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఆ మిషన్ ఎదురుగా కూర్చున్నాను. అప్పుడు తెలిసింది. రెండు కీబోర్డుల డబ్బు వెనక్కిచ్చాను. అప్పటినుంచి ఎవరొచ్చినా నేనడిగే మొదటి ప్రశ్న, ఎంతసేపు పడుకున్నాక లేవడం లేదని.

ఇక మీరు చేయాల్సింది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరవండి. మీ ప్లాన్ పక్కన చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, దాని లోపల చేంజ్ అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్ ఉంటాయి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది. స్లీప్ పక్కన ప్లస్ గుర్తు నొక్కితే కింద హైబర్నేట్ ఆఫ్టర్ అని కనిపిస్తుంది. అందులో ప్లగ్‌డ్ ఇన్ దగ్గర సున్నా వేయండి, అదే నెవర్ అని మారుతుంది. ఆన్ బ్యాటరీ జోలికి మాత్రం వెళ్లకండి. మీరు పడుకున్నప్పుడు కరెంటు పోయి చాలాసేపు రాకపోతే, మీ పేజీని కాపాడేది ఆ హైబర్నేటే.

ఒకవేళ ఇది మార్చాక కూడా మొండికేస్తే, అప్పుడు కీబోర్డు సంగతి చూద్దాం. డివైస్ మేనేజర్‌లో కీబోర్డ్స్ కింద ఉన్న దాని ప్రాపర్టీస్ తెరిస్తే పవర్ మేనేజ్‌మెంట్ అనే పేజీ ఉంటుంది. అందులో ఈ పరికరం కంప్యూటర్‌ని లేపవచ్చు అనే అర్థమొచ్చే గడిలో టిక్ ఉండాలి. ఒక్క కీబోర్డే రెండు మూడు పేర్లతో కనిపిస్తే కంగారు పడకండి, అన్నిటికీ టిక్ పెట్టండి. కొన్ని మోడళ్లలో బయోస్‌లో, అంటే ల్యాప్‌టాప్ మొదలవగానే తెరుచుకునే లోపలి సెట్టింగుల్లో, యూఎస్‌బీ వేక్ అని ఇంకో అనుమతి ఉంటుంది. టిఫిన్ తర్వాత లేస్తోంది కాబట్టి మీకు ఆ అవసరం రాదనే అనుకుంటున్నాను. మూత మూసి ఉంటే యూఎస్‌బీ మాట వినని ల్యాప్‌టాపులు కూడా ఉన్నాయి. మీది వింటోంది, సంతోషించండి.

ఇంకొక్కమాట. మానిటర్ నల్లగా ఉంది కదా అని వెంటనే పవర్ బటన్ మీదికి వెళ్లకండి. క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే ల్యాప్‌టాప్ లేచే ఉంది, పడుకున్నది మానిటర్. అప్పుడు పవర్ బటన్ నొక్కారంటే లేచినదాన్ని మళ్లీ పడుకోబెట్టినట్టే. లేపడానికి స్పేస్, ఎంటర్ బదులు షిఫ్ట్ వాడండి. పేరా మొత్తం సెలెక్ట్ అయి ఉన్నప్పుడు విసుగ్గా స్పేస్ నాలుగుసార్లు కొడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ప్రశ్న: అక్కా, నాది దీనికి రివర్స్. స్లీప్‌లో పెట్టి పడుకుంటే అర్ధరాత్రి దానంతట అదే లేచి కూర్చుంటోంది. హాస్టల్లో నా రూమ్మేట్ దయ్యం అంటోంది. టెన్షన్‌గా ఉంది.
– బీటెక్ విద్యార్థిని, కాజీపేట

జవాబు: ఎన్నింటికి లేస్తోందో రాయలేదేమ్మా! రోజూ ఒకే టైముకి లేస్తే అది టైమర్ పని. మాస్టారికి చెప్పిన ఆ పెట్టెలోనే స్లీప్ కింద అలౌ వేక్ టైమర్స్ ఉంటుంది, దాన్ని డిసేబుల్ చెయ్యి. ఒక్కోరోజు ఒక్కో టైముకి లేస్తుంటే ముందు నీ మౌస్‌ని అనుమానించు. మీ హాస్టల్ రైలు పట్టాలకి ఎంత దూరం? గూడ్స్ బండి వెళ్లినప్పుడు బల్ల అదిరితే, ఆ కాస్త కదలిక కూడా కొన్ని మౌస్‌లకి సరిపోతుంది. మౌస్‌ని తిరగేసి పెట్టి ఒక రాత్రి చూడు. లేవకపోతే దొంగ దొరికినట్టే. డివైస్ మేనేజర్‌లో మౌస్‌కి ఆ లేపే టిక్ తీసెయ్యి, కీబోర్డుకి ఉంచు.

అప్పటికీ లేస్తుంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్ అనే మాట, దానికి ఆనుకుని సీ, ఎఫ్, జీ అక్షరాలు, ఒక ఖాళీ, స్లాష్, లాస్ట్‌వేక్ అని ఇంగ్లిష్‌లో కొట్టు. ఆఖరిసారి ఎవరు లేపారో చాలాసార్లు పేరుతో సహా చెప్తుంది. నెట్‌వర్క్ కార్డ్ పేరొస్తే దానికీ టిక్ తియ్యి. దయ్యం పేరొస్తే మాత్రం మళ్లీ ఉత్తరం రాయి.

ప్రశ్న: బ్లూటూత్ కీబోర్డు కొన్నాను. స్లీప్ నుంచి అస్సలు లేపడం లేదు. ఎంతసేపు అని అడుగుతారేమో, రెండు నిమిషాలకే!
– గృహిణి, హైదరాబాద్

జవాబు: అడిగేదాన్నే, మీరే చెప్పేశారు. రెండు నిమిషాలకే అంటే హైబర్నేట్ కాదు. చాలా ల్యాప్‌టాపుల్లో స్లీప్‌లోకి వెళ్లగానే బ్లూటూత్ రేడియోకి కరెంటు ఆగిపోతుంది. మీరు నొక్కిన మీటని వినేవాళ్లే ఉండరు. బ్లూటూత్ డ్రైవర్ అప్‌డేట్ చేసి చూడండి, కొన్నింట్లో దానితో సరిపోతుంది. లేకపోతే చిన్న యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే వైర్‌లెస్ కీబోర్డు తీసుకోండి. ఆ రిసీవర్ హబ్‌లో (ఒక యూఎస్‌బీ రంధ్రాన్ని నాలుగైదు చేసే పెట్టెలో) కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. బిల్లు ఉంటే ఇప్పుడున్నది మార్చి ఇస్తారేమో ముందు అడగండి.