లొకేటర్ పట్టుకోబోయే మా అమ్మాయికి

బరంపురం నుంచి పెదనాన్న దీవెనలు.

తల్లీ, పర్లాకిమిడిలో నీళ్ల పైపుల పనికి సైట్ సూపర్‌వైజర్‌గా వెళ్తున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. కంపెనీ వాళ్లు నేలలో పూడ్చిన కేబుళ్లు, పైపులు వెతికే కేబుల్ లొకేటర్ చేతికిచ్చారు గానీ వాడటం ఎవరూ సరిగ్గా చూపించలేదని, నువ్వు కొంచెం టెన్షన్ పడుతున్నావని కూడా అన్నాడు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. నా ఉద్యోగమంతా కేబుళ్ల మధ్యే గడిచింది కాబట్టి ఈ విషయంలో నా మాట నమ్మవచ్చు.

ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకో. ఆ మిషన్‌కు కేబుల్ కనబడదు, పైపూ కనబడదు. లోహంలో పారే కరెంటు చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం ఒక్కటే దానికి తెలుస్తుంది. కరెంటు పారకపోతే దానికి ఏమీ తెలియదు. అందుకని అది కూసిన చోట ఏదో ఉందని నమ్ము. కూయని చోట ఏమీ లేదని మాత్రం నమ్మకు. 'మిషన్ ఏమీ చూపించలేదు సార్' అంటూ తెగిన కేబుల్ పక్కన నిలబడిన వాళ్లను చాలామందిని చూశాను. మిషన్ చెడిపోలేదు. అది చెప్పని మాటను వీళ్లు విన్నారు, అంతే.

పెట్టె తెరిచే ముందు కాగితాలు, మనుషుల పని చూసుకో. అక్కడ కరెంటు పంపిణీ చేసే టీపీఎస్‌ఓడీఎల్ ఆఫీసులో కేబుళ్ల మ్యాపు అడుగు, నీటి సరఫరా వాళ్ల దగ్గర పైపులది, టెలికాం వాళ్ల దగ్గర ఫైబర్‌ది. 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌లో తవ్వబోయే చోటు నమోదు చేయించు. 2023 మార్చి 22న ప్రధాని మోదీ ప్రారంభించిన యాప్ ఇది. తవ్వకం గురించి అక్కడ లైన్లున్న సంస్థలకు సమాచారం వెళ్తుంది. జవాబు రాలేదంటే లైన్ లేదని అర్థం చేసుకోవద్దు, ఫోన్ చేసి అడుగు. మ్యాపుల మీద రాతలు ఒడియాలో ఉంటే, చదవగలిగిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకో. వీటన్నిటికన్నా విలువైన మనిషి ఆ వీధిలో ఏళ్ల తరబడి వాల్వులు తిప్పే నీళ్లాయన. ఏ పైపు ఎక్కడ మలుపు తిరిగిందో, ఏ ఏడాది రోడ్డు తవ్వి కొత్తది వేశారో అతనికి నోటికి వచ్చు. టీ ఇప్పించి, నిదానంగా అడుగు. నీకొచ్చిన రెండు ఒడియా ముక్కలు మాట్లాడినా చాలు, మనసు విప్పి చెప్తాడు.

ఆ తర్వాత కళ్లతో చూడు. మ్యాన్‌హోల్ మూతలు, ఫీడర్ పిల్లర్లు (వీధిలో కరెంటు పంచే పెట్టెలు), మీటర్ బోర్డుల కింద నేలలోకి దిగిన వైర్లు, రూట్ మార్కర్ రాళ్లు, తారు రోడ్డు మీద పాత తవ్వకం పూడ్చిన పొడవాటి అతుకులు. అతుకు ఎటు పోయిందో లైన్ చాలాసార్లు అటే పోతుంది.

ఇక మిషన్. ఏ రోజుకారోజు, నీకు కచ్చితంగా తెలిసిన ఒక కేబుల్ మీద దాన్ని పరీక్షించు. మీ క్యాంపు ఆఫీసుకు వచ్చే సర్వీస్ కేబులైనా సరే. బ్యాటరీ సగం ఉన్నప్పుడే మార్చు.

మిషన్‌లో రెండు భాగాలుంటాయి: లైన్‌లోకి సిగ్నల్ పంపేది ట్రాన్స్‌మిటర్, చేత్తో పట్టుకుని వెతికేది రిసీవర్. ట్రాన్స్‌మిటర్ లేకుండా, రిసీవర్ ఒక్కదానితో మొదట నేలంతా తిరిగి చూడు. పవర్ మోడ్‌లో అది 50 హెర్ట్జ్ కరెంటును వెతుకుతుంది. రేడియో మోడ్‌లో దూరపు స్టేషన్ల చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు నేలలోని పొడవాటి లోహాల వెంట పుట్టించే కరెంటును పట్టుకుంటుంది. తిరునెల్వేలి దగ్గర ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ నుంచి మన నౌకాదళం జలాంతర్గాములకు సందేశాలు పంపేది అలాంటి తరంగాలతోనే. నీటి అడుగున ఉన్న వాళ్ల కోసం పంపినవి మన వీధిలో పాత ఇనప పైపు ఆచూకీ కూడా చెప్తాయంటే నాకు ఇప్పటికీ అబ్బురమే. స్థలాన్ని గళ్లుగా అనుకుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి నడు. రిసీవర్‌ను నేలకు దగ్గరగా, నిటారుగా పట్టుకో, అటూ ఇటూ ఊపవద్దు. కూసిన ప్రతి చోటా సున్నంతో గుర్తు పెట్టించు.

పవర్ మోడ్‌లో పెద్ద చిక్కు ఒకటుంది. లోడ్ లేని కేబుల్ దాదాపు కూయదు. పగలు ఆపేసిన వీధి దీపాల కేబుల్ అలాంటిదే. మూడు ఫేజుల లోడ్ సమానంగా ఉన్న పెద్ద కేబుల్‌లో ఒకదాని క్షేత్రాన్ని ఇంకొకటి కొట్టేసి బయటికి వచ్చేది బాగా తగ్గిపోతుంది. అంటే అన్నిటికన్నా ప్రమాదమైన కేబులే అన్నిటికన్నా మెల్లగా కూయవచ్చు. అందుకే పవర్ మోడ్ ఒక్కటే చూసి పని ముగించేవాళ్లంటే నాకు కోపం.

అసలు పని ట్రాన్స్‌మిటర్‌తోనే. సిగ్నల్ ఎక్కించడానికి మూడు దారులున్నాయి. అన్నిటికన్నా మంచిది నేరుగా తగిలించడం. ఎర్ర క్లిప్పు పైపుకో, సరఫరా ఆపి ఇచ్చిన కేబుల్‌కో పెట్టి, నల్లది ఎర్త్ పిన్‌కు తగిలిస్తారు. ఇక్కడ నా మాట ఆజ్ఞ అనుకో: సరఫరా ఉన్న కేబుల్‌కు క్లిప్పు పెట్టనే వద్దు. ఆపడం, ఎర్త్ చేయడం, ఆగిందని టెస్టర్‌తో చూపించడం అధికారం ఉన్న లైన్ సిబ్బంది పని. వాళ్లు నీ కళ్ల ముందు చేసేదాకా ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయకు. ఎంత తొందర పెట్టినా సరే.

ఎర్త్ పిన్ విషయంలో చాలామంది బద్ధకిస్తారు. లైన్‌కు లంబంగా, తీగ అందినంత దూరంలో దిగ్గొట్టించు. పక్కనే ఉన్న కంచెకో, కొళాయి గొట్టానికో తగిలిస్తే సిగ్నల్ వాటి వెంట పారి నిన్ను దారి తప్పిస్తుంది. పిన్ తీగ ఇంకో లైన్ మీదుగా దాటినా అంతే. గజపతి జిల్లా ఎర్ర నేల మే నెలలో రాయిలా బిగుసుకుంటుంది, పిన్ చుట్టూ రెండు బిందెల నీళ్లు పోయించి కాసేపు ఆగితే రీడింగ్ ఎంత మారుతుందో నువ్వే చూస్తావు. ఎప్పుడైనా గోపాల్‌పూర్ వైపు పని పడితే అక్కడి ఎండు ఇసుకకూ ఇదే మందు.

రెండోది క్లాంప్, కేబుల్ చుట్టూ కరిచి పట్టుకునే పట్టీ. సరఫరా ఆపడానికి వీలుకాని కేబుల్‌కు, ఇన్సులేషన్ బాగుంటే, లైన్ సిబ్బంది చేతనే పెట్టించు. దాని దవడలు పూర్తిగా మూసుకోవాలి. కేబుల్ తొడుగు రెండు చివర్లా ఎర్త్ అయి ఉంటేనే సిగ్నల్ చుట్టి వస్తుంది.

మూడోది ఇండక్షన్, ఏదీ తగిలించకుండా ట్రాన్స్‌మిటర్‌ను లైన్ మీద నేలపై పెట్టడం. సులువు కాబట్టి అందరూ దీన్నే పట్టుకుంటారు. పక్కనున్న లైన్లన్నిటికీ సిగ్నల్ అంటుకుంటుంది కాబట్టి ఫలానా కేబుల్ ఎటు పోయిందో తేల్చడానికి నేను దీన్ని ఇష్టపడను. రిసీవర్ కనీసం 10 మీటర్లు దూరంగా ఉండాలి, లేకపోతే నేలలో లైన్ బదులు నేరుగా ట్రాన్స్‌మిటర్ కూతే వింటావు. కానీ తెలియని లైన్లు ఉన్నాయేమో వెతకడానికి మంచిది: ట్రాన్స్‌మిటర్ ఒకరు, రిసీవర్ ఒకరు పట్టుకుని ఆ దూరం ఉంచుకుంటూ ఇద్దరూ సమాంతరంగా నడవాలి.

ఫ్రీక్వెన్సీ గురించి పుస్తకాల్లో చాలా ఉంటుంది, నీకు ఇంత చాలు. తక్కువ ఫ్రీక్వెన్సీ, 512 హెర్ట్జ్ లాంటిది, దూరం పోతుంది, పక్క లైన్ల మీదికి ఎక్కువగా ఎగబాకదు. 33 కిలోహెర్ట్జ్ సులువుగా ఎక్కుతుంది, అంతే సులువుగా పక్కవాటికీ పాకుతుంది. 8 కిలోహెర్ట్జ్ మధ్యస్థం. తక్కువతో మొదలుపెట్టు, అందకపోతేనే పైకి వెళ్లు. నీ పనిలో ముఖ్యంగా గమనించాల్సింది డీఐ (డక్టైల్ ఐరన్) అనే ఇనప పైపులు. వాటి జాయింట్లలో రబ్బరు రింగులుంటాయి. ఒక పైపు నుంచి ఇంకో పైపుకు కరెంటు తెగిపోతుంది. అక్కడ తక్కువ ఫ్రీక్వెన్సీ నాలుగడుగులకే చచ్చిపోతుంది, 33 కాని అంతకన్నా ఎక్కువ కాని వాడితే జాయింట్ దాటవచ్చు. సీసం పోసి అతికిన పాతకాలం పోత ఇనుము పైపులకు ఈ బాధ ఉండదు.

సిగ్నల్ ఎక్కించాక వెంటనే లైన్ వెంట పరుగెత్తకు. ట్రాన్స్‌మిటర్ చుట్టూ ఒక పెద్ద వలయంలో నడిచి సిగ్నల్ ఎన్ని చోట్ల బయటికి పోతోందో చూడు. ఒక్క చోట నుంచే పోతే అదృష్టం. మూడు చోట్ల నుంచి పోతే ఏది నీదో తేల్చాలి. ఇక్కడే పెద్ద బజారు లాంటి ఇరుకు సందులో నేను చూసిన సంగతి చెప్తాను. కేబుల్‌కు సిగ్నల్ ఎక్కించారు. కూత మాత్రం కాలువ పక్కన జీఐ (జింకు పూత ఇనుము) పైపు మీద గట్టిగా వస్తోంది. ఆ పైపు జానెడు లోతులో ఉంది, కేబుల్ మీటరు దగ్గర. పైనున్నది గట్టిగా కూస్తుంది మరి. రిసీవర్‌లో కరెంటు కొలిచే మీట నొక్కితే పైపులో కొద్దిపాటి కరెంటు, అవతల పక్క మెల్లగా కూసిన చోట దానికి ఎన్నో రెట్లు. మనం పంపిన కరెంటు ఎక్కువగా పారేది మన లైన్‌లోనే. ఎప్పుడూ కూతను కాదు, కరెంటును పోల్చు.

చోటు గుర్తించేటప్పుడు పీక్, నల్ రెండూ చూడు. పీక్‌లో లైన్ సరిగ్గా పైన కూత ఎక్కువ, నల్‌లో సరిగ్గా పైన కూత ఆగిపోతుంది. రెండూ ఒకే చోట చూపిస్తే మంచిది. జానెడుకు పైగా తేడా వస్తే ఇంకో లైన్ క్షేత్రం కలిసి వంకర తిప్పుతోందన్నమాట. అక్కడ గుర్తు పెట్టినా లోతు అంకెను నమ్మకు.

లోతు అంటే గుర్తొచ్చింది. తెర మీద వచ్చే అంకె లైన్ నడిమికి, పైభాగానికి కాదు. 300 మిల్లీమీటర్ల పైపైతే పైభాగం 15 సెంటీమీటర్లు ముందే తగులుతుంది. మలుపుల దగ్గర, చీలికల దగ్గర లోతు కొలవకు. అనుమానం వస్తే రిసీవర్‌ను నేల నుంచి 50 సెంటీమీటర్లు పైకెత్తి మళ్లీ చూడు, అంకె కూడా 50 పెరగాలి. పెరగకపోతే ఆ కొలత తప్పు. ఇంకో పద్ధతి ఉంది. నల్‌లో పెట్టి, రిసీవర్‌ను 45 డిగ్రీలు వంచి, లైన్ నుంచి పక్కకు జరుగుతూ పోతే ఒకచోట కూత ఆగుతుంది. లైన్ నుంచి అక్కడికి ఎంత దూరమో అంత లోతు. రెండు పక్కలా చేసి చూడు, రెండూ సమానంగా రావాలి.

భారతీయ ప్రమాణం ఐఎస్ 1255 ప్రకారం ఎల్‌టీ (తక్కువ వోల్టేజి) కేబుల్ 75 సెంటీమీటర్ల లోతున, 11 కేవీ 90 దగ్గర, 33 కేవీ మీటరు దాటి ఉండాలి. ఈ అంకెలు తెలిసి ఉండటం మంచిదే. కానీ రోడ్డు మీద రోడ్డు వేస్తూ, కాలువల కోసం చెక్కుతూ పోయాక ఆ లోతు అలాగే ఉండదు. ప్రమాణం చూసి జేసీబీ దించకు.

మిషన్‌కు అస్సలు అందనివి కూడా చెప్పాలి. పీవీసీ, హెచ్‌డీపీఈ లాంటి ప్లాస్టిక్ నీళ్ల పైపులు, ప్లాస్టిక్ గ్యాస్ లైన్లు, ఇనప కవచం లేని ఆప్టికల్ ఫైబర్, వీటిలో కరెంటు పారదు. ఆచూకీ కోసం పక్కన లోహపు తీగ, ట్రేసర్ తీగ అంటారు, వేసి ఉంటే దానికి సిగ్నల్ పంపి పట్టుకోవచ్చు. మురుగు పైపు లాంటి తెరిచిన గొట్టమైతే చిన్న ట్రాన్స్‌మిటర్, సోండ్ అంటారు దాన్ని, కడ్డీ చివర కట్టి లోపలికి తోసి పైనుంచి వెతకవచ్చు. దానికి రిసీవర్‌ను మామూలు లైన్‌కు పట్టుకున్నట్టు కాక అడ్డంగా తిప్పి పట్టుకోవాలి. ముందూ వెనకా చిన్న దొంగ కూతలు రెండు వస్తాయి, మధ్యలో గట్టిగా వచ్చేదే అసలైనది. ఇవేవీ కుదరకపోతే నేల లోపలికి చూసే రాడార్ మిషన్ తెప్పించమని పైవాళ్లను అడుగు. తడి బంకమట్టిలో అది లోతుగా చూడలేదని తెలిసే అడుగు.

నువ్వు వేయించే కొత్త హెచ్‌డీపీఈ పక్కన మాత్రం ట్రేసర్ తీగ, పైన హెచ్చరిక టేపు పెట్టించు. తీగ కొసలు వాల్వ్ చాంబర్లలోకి తీసుకురా. కాంట్రాక్టులో లేదంటారు. అయినా అడుగు, రాతపూర్వకంగా అడుగు.

ఎన్ని చేసినా చివరికి చేత్తో గుంత తీసి కళ్లతో చూడాలి. గుర్తుకు రెండు పక్కలా అర మీటరు దాకా జేసీబీ పన్ను ఆనకూడదు. లైన్ మీద నేరుగా కాకుండా పక్కన గుంత తీయించి, అక్కడి నుంచి అడ్డంగా మట్టి తొలుచుకుంటూ వెళ్లాలి. గడ్డపారతో బలంగా పొడవనివ్వకు, పారనే వాడించు. మెత్తటి ఇసుక, వరసగా ఇటుకలు, టేపు ముక్క కనబడితే కేబుల్ పక్కనే ఉందన్నమాట, ఆగు. కేబుల్‌కు గీత పడినా కప్పేయనివ్వకు. అందరినీ దూరంగా పంపి ఆఫీసుకు ఫోన్ చెయ్యి. జేసీబీ పన్ను కేబుల్‌ను తాకితే ఆపరేటర్ సీటులోనే కూర్చోవాలి. మంటలు లేస్తే మాత్రం బండిని పట్టుకోకుండా రెండు కాళ్లూ కలిపి దూకి, పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ దూరం పోవాలి. ఈ మాట వాళ్లకు పని మొదలయ్యే ముందే చెప్పు.

మొదటి వీధి గుర్తులు వేశాక ఫోటోలు, రీడింగులు వాట్సాప్‌లో పంపు. ఏ ఫ్రీక్వెన్సీ, సిగ్నల్ ఎక్కడ ఎక్కించావు, పిన్ ఎక్కడ పాతావు, ఈ మూడూ రాయి. సాయంత్రం ఏడు తర్వాత ఇంట్లోనే ఉంటాను. పెద్దమ్మ నీకు అరిసెలు కట్టింది, వచ్చే ఆదివారం మీ నాన్న చేత పంపుతున్నాం.

ఇట్లు
మీ పెదనాన్న